క్లయింటా, వకీలా?

హైదరాబాదులో గచ్చిబౌలి, మాదాపూర్ వైపు టీకొట్ల దగ్గర కాసేపు నిలబడితే చాలు, క్లయింట్ అన్న మాట పదే పదే చెవిన పడుతుంది. ‘రాత్రి క్లయింట్ కాల్ ఉంది’, ‘క్లయింట్ ఒప్పుకోలేదు’, ‘క్లయింట్ దగ్గరికి పంపిస్తారట’. అక్కడ క్లయింట్ అంటే డబ్బిచ్చేవాడు. అతనికి పగలైతే మనకు రాత్రి, అయినా పలకాలి. ఆ మాటలాడే సాఫ్ట్‌వేర్ కుర్రాళ్లే కాసేపటికి కోడు గురించి మాట్లాడుకుంటూ ఇంకో క్లయింట్‌ను ప్రస్తావిస్తారు. ఈ రెండోది ఓ ప్రోగ్రాం. సర్వర్ ముందు నిలబడి ‘అది ఇవ్వు, ఇది ఇవ్వు’ అని అడగడం దాని పని. సర్వర్ ఇస్తే తెస్తుంది, లేదంటే ఉత్త చేతులతో వస్తుంది. ఒకడు అడిగిందల్లా ఇప్పించుకునే దొర, రెండోది అడిగి తెచ్చుకునే యాచకి. ఇద్దరికీ ఒకటే పేరు ఎలా అతికిందా అన్నది ఈ చర్చ.

ఈ రెండో క్లయింట్లలో నన్ను ఆకట్టుకున్నవి మాస్టొడాన్ కోసం కొందరు సొంతంగా రాసి పెట్టిన తేలికపాటి వెబ్ క్లయింట్లు. మాస్టొడాన్ తెలియనివాళ్లకు రెండు ముక్కలు. జర్మనీలో ఉండే యూగెన్ రోచ్కో 2016లో మొదలుపెట్టిన సామాజిక మాధ్యమం ఇది. చూడటానికి ట్విట్టర్ లాంటిదే గాని, ఒకే సర్వరూ ఒకే యజమానీ అంటూ ఉండరు. ఎవరి సర్వర్ వాళ్లు పెట్టుకోవచ్చు. ఒక సర్వర్‌లోని వాళ్లు ఇంకో సర్వర్‌లోని వాళ్లతో మాట్లాడుకోవడానికి యాక్టివిటీపబ్ అనే ఉమ్మడి కట్టుబాటు ఉంది. వెబ్ ప్రమాణాలు ఖరారు చేసే డబ్ల్యూ3సీ దానికి 2018 జనవరి 23న ఆమోదముద్ర వేసింది. మన దేశంలో చాలామంది ఈ పేరు మొదటిసారి విన్నది 2019 నవంబరులో. సుప్రీంకోర్టు న్యాయవాది సంజయ్ హెగ్డే ఖాతాను ట్విట్టర్ నిలిపేసినందుకు నిరసనగా చాలామంది అటు కదిలారు. క్లయింట్ల గురించిన కథలోకి ఒక వకీలు అప్పుడే వచ్చేశాడు. వకీళ్ల సంగతి మళ్లీ వస్తుంది.

క్లయింట్ పుట్టిల్లు రోము. లాటిన్‌లో క్లియెన్స్. ‘వినడం’ అనే అర్థమున్న ధాతువు నుంచి పుట్టిందని కొందరూ, ‘ఒరగడం, ఆనుకోవడం’ నుంచి పుట్టిందని కొందరూ అంటారు. తగువు తేలలేదు. ఏది నిజమైనా మనిషి మాత్రం ఒక్కడే: ఒక పెద్దమనిషి మాట వింటూ, అతన్ని ఆనుకొని బతికేవాడు. ఆ పెద్దమనిషి పేరు పాత్రోనుస్, తండ్రి అనే మాటకు బిడ్డ. తెల్లవారకముందే క్లియెన్స్ టోగా చుట్టుకొని పాత్రోనుస్ గుమ్మంలో హాజరు కావాలి, దండం పెట్టాలి, ఆయన బయటికి వెళ్తే వెనక నడవాలి. ప్రతిఫలంగా చిన్న బుట్టెడు తిండి దొరికేది. ఆ బుట్ట పేరు స్పోర్తులా. క్రీస్తు శకం మొదటి శతాబ్దం చివరికి బుట్ట పోయి వంద క్వాద్రాన్స్ చిల్లర వచ్చింది. ఆ చిల్లర కోసం పొద్దున్నే లేచి ఊరంతా తిరగాల్సి వస్తోందని మార్షియల్ అనే కవి పద్యాల నిండా రుసరుసలాడాడు. మన మాటల్లో దీనికి దగ్గరిది ఆశ్రితుడు.

బుట్ట ఒక్కటే అయితే ఈ బంధం అంతకాలం నిలిచేది కాదు. పాత్రోనుస్‌కు ఒక బాధ్యత ఉండేది. ఆశ్రితుడికి కోర్టులో పని పడితే అతని తరఫున లేచి మాట్లాడాలి. అందుకే లాటిన్‌లో పాత్రోనుస్ అన్న మాటకు న్యాయవాది అన్న అర్థం కూడా వచ్చింది. ఆశ్రితుణ్ణి మోసం చేసిన పాత్రోనుస్ శాపగ్రస్తుడు కావాలని రోమన్ల పన్నెండు పలకల చట్టంలోనే ఉంది. క్రీస్తు పూర్వం 450 ప్రాంతపు చట్టం అది. ఈ కోర్టు దారిలోనే క్లయింట్ ఇంగ్లీషులోకి నడిచి వచ్చి, ముందు లాయరును ఆశ్రయించిన మనిషి అయ్యాడు. తర్వాత సరుకు కొనేవాడయ్యాడు. చివరికి గచ్చిబౌలి చేరి దొర అయ్యాడు. ఆశ్రితుడు దొర కావడానికి రెండు వేల ఏళ్లు పట్టింది, పోనీలెండి.

సర్వర్‌ది ఎదురు ప్రయాణం. లాటిన్‌లో సెర్వుస్ అంటే బానిస. అతని ఊడిగం పేరులోంచే ఇంగ్లీషు సర్వ్, సర్వెంట్, సర్వర్ వచ్చాయి. మనకు సర్వర్ కంప్యూటరుకన్నా ముందే తెలుసు. హోటల్లో భుజాన తువ్వాలు వేసుకొని ఇడ్లీ, సాంబారు తెచ్చిపెట్టేవాడు సర్వరు. ఇవాళ ఆ మాట అంటే గుర్తొచ్చేది వేరు. మీసేవలోనో బ్యాంకులోనో రేషన్ దుకాణంలోనో ‘సర్వర్ డౌన్’ అన్నారంటే వరసలో ఉన్న జనమంతా మారుమాట్లాడకుండా ఇంటిదారి పడతారు. కారణం అడగడానికి ఎవరూ ఉండరు, అడిగినా చెప్పేవాళ్లు లేరు. పేరుకు సేవకుడు, పెత్తనం మాత్రం సుల్తానుది.

తెలుగువాడికి ఈ తిరకాసు కొత్తది కాదు. కొలువు అన్న మాట చూడండి. రాజు కొలువుదీరతాడు, బంటు కొలువు చేస్తాడు. గద్దె మీద కూర్చోవడమూ, గద్దె ముందు నిలబడటమూ ఒక్క మాటలోనే ఇమిడాయి. తెలంగాణలో ఇప్పటికీ ఉద్యోగమంటే కొలువే. సర్వర్‌కు ఎప్పుడైనా తెలుగు పేరు పెట్టాల్సి వస్తే నా ఓటు దీనికే, ఎవరూ వాడరని తెలిసి కూడా. సేవ చేస్తూనే దర్బారు నడిపే యంత్రానికి ఇంతకన్నా అతికిన పేరు లాటిన్‌లో లేదు, ఇంగ్లీషులో లేదు.

కంప్యూటర్లవాళ్లు క్లయింట్‌ను ఎప్పుడు పట్టుకొచ్చారు? ఇంటర్నెట్‌కు మూలమైన ఆర్పానెట్‌ను కట్టేటప్పుడు 1969లో రాసుకున్న కాగితాల్లో సర్వర్ ఉంది గాని దానికి జోడీగా క్లయింట్ లేదు. ఒక కొసన సర్వర్-హోస్ట్, రెండో కొసన యూజర్-హోస్ట్. సేవ చేసే యంత్రం, వాడుకునే యంత్రం. 1970లలో కాలిఫోర్నియాలో జిరాక్స్ కంపెనీ పరిశోధన కేంద్రంలో పనిచేసినవాళ్లు ఇంకొంచెం పట్టింపుగా ఆలోచించారు. యూజర్ అంటే కుర్చీలో కూర్చున్న మనిషి. మరి ఆ మనిషి కోసం సర్వర్‌తో మాట్లాడే ప్రోగ్రాంను ఏమనాలి? దాన్ని క్లయింట్ అన్నారు. మనిషి వేరు, మనిషి కోసం మాట్లాడేది వేరు అని విడదీయడం గొప్ప ఆలోచన. పెట్టిన పేరుతోనే నాకు పేచీ.

ఎందుకంటే ఆ పేరు సర్వర్ కూర్చున్న చోటి నుంచి చూసి పెట్టింది. సర్వర్ కళ్లకు మనిషి కనిపించడు, అడగడానికి వచ్చిన ప్రోగ్రామే కనిపిస్తుంది, అది తన గుమ్మంలో నిలబడ్డ ఆశ్రితుడిలా ఉంటుంది. ఇటు మన వైపు నుంచి చూడండి. మనకు రాని భాషలో, మనం వెళ్లలేని చోటికి వెళ్లి, మన తరఫున అడిగి, వచ్చిన జవాబును మనకు తెలిసేలా విప్పి చెప్పేది ఆ ప్రోగ్రాం. కోర్టులో ఈ పని చేసేవాణ్ణి క్లయింట్ అనరు. వకీలు అంటారు. క్లయింట్లం నువ్వూ నేనూ. మన న్యాయస్థానాల తెలుగులో చెప్పాలంటే కక్షిదారులం మనం. రోములో పాత్రోనుస్ చేసిన పనిని ఇక్కడ క్లియెన్స్ పేరు తగిలించుకున్నది చేస్తోంది. వెబ్ ప్రమాణాల్లోనే దీనికి ఇంకో పేరుంది, యూజర్ ఏజెంట్ అని. మీ బ్రౌజరు ఏ సైటు తలుపు తట్టినా తన గురించి చెప్పుకునే వరసకు ఆ పేరే. అది సరైన పేరు. ఎందుచేతనో అది యంత్రాల మధ్యే ఉండిపోయింది, మనుషుల నోటికి రాలేదు.

వకీలు అరబ్బీ మాట, ఒకరి పని నమ్మకంగా అప్పగించుకున్నవాడని అర్థం. ఫార్సీ మీదుగా మన కచేరీల్లోకి వచ్చింది. కోస్తాలో ప్లీడరు గారు కూర్చున్న కుర్చీలో తెలంగాణలో వకీలు సాబ్ కూర్చుంటాడు, అంతే తేడా. కాని వకాల్తా మాత్రం అన్ని జిల్లాలదీ. ‘వాడి తరఫున నువ్వెందుకు వకాల్తా పుచ్చుకుంటావు?’ అని కోర్టు గడప తొక్కనివాళ్లు కూడా అంటారు. వకాల్తానామా మీద సంతకం పెడితే వకీలుకు మన పేరున మాట్లాడే హక్కు వస్తుంది. మన ఇల్లు అమ్ముకునే హక్కు రాదు. నచ్చకపోతే వెనక్కి తీసుకోవచ్చు.

మాస్టొడాన్‌లో జరిగేది అచ్చంగా ఇదే. కొత్త వెబ్ క్లయింట్ ఒకటి వాడదామనుకున్నారు. అది ముందు మీ ఖాతా ఏ సర్వర్‌లో ఉందని అడుగుతుంది. తర్వాత మిమ్మల్ని ఆ సర్వర్ పేజీకే పంపుతుంది. పాస్‌వర్డ్ అక్కడే కొడతారు, క్లయింట్‌కు చెప్పరు. ఫలానా క్లయింట్ మీ తరఫున చదవడానికి, రాయడానికి, ఎవరినైనా అనుసరించడానికి అనుమతి కోరుతోంది, ఇవ్వమంటారా అని సర్వర్ అడుగుతుంది. సరేనంటే క్లయింట్‌కు ఒక టోకెన్ అందుతుంది. ఆ టోకెనే వకాల్తానామా. ఇచ్చిన మేరకే అధికారం, ఎప్పుడైనా రద్దు చేసుకోవచ్చు.

ఈ వకీళ్లలో ఒకదాని కథ చెప్పాలి. అమెరికాలో నోలన్ లాసన్ అనే ప్రోగ్రామరు 2018 ఏప్రిల్‌లో పినఫోర్ అనే వెబ్ క్లయింట్ విడుదల చేశాడు. మాస్టొడాన్ సొంత పేజీ పాత ఫోన్ల మీద, నాసి లాప్‌టాప్‌ల మీద ఈడ్చుకుంటూ నడుస్తుంటే, వేగంగా, సాదాగా, చూపులేనివాళ్లు కూడా వాడుకునేలా ఒకటి ఉండాలన్నది ఆయన పట్టుదల. పినఫోర్ అంటే గౌను మురికి కాకుండా ముందుభాగాన తొడిగే చేతుల్లేని పైవస్త్రం. ఇంగ్లీషులో పిన్ అంటే గుండుసూది, అఫోర్ అంటే ముందు. ముందువైపు సూదితో గుచ్చి నిలిపేది కాబట్టి పినఫోర్. సాఫ్ట్‌వేర్‌లో కంటికి కనిపించే భాగాన్ని ఫ్రంట్ ఎండ్ అంటారు గనక, ముందువైపు అతికించేదానికి ఈ పేరు భలే కుదిరింది. దాన్ని రాయడానికి ఎంచుకున్న పరికరం పేరు స్వెల్ట్. ఫ్రెంచిలో స్వెల్ట్ అంటే సన్నగా, నాజూగ్గా ఉన్నదని. తేలికతనం పేర్లలోనే కాదు, లోపల కూడా ఉండేది. వందల పోస్టులున్న వరసలో తెర మీద కనబడే కాసిన్నింటినే బ్రౌజరు చేత గీయించేది. చదివినవాటిని బ్రౌజరులోనే దాచిపెట్టుకొని, నెట్ పోయినా చూపించేది. ఆ పేజీ ఒకసారి దిగాక మధ్యలో దాని సొంత సర్వర్ అంటూ ఏదీ ఉండేది కాదు. మీ బ్రౌజరూ మీ మాస్టొడాన్ సర్వరూ ముఖాముఖి మాట్లాడుకునేవి.

తేలిక అన్న మన మాటలో తేలు ధాతువు ఉంది, నీళ్లలో మునగకుండా పైకి తేలడం. సులువు అన్న అర్థమూ దానికే వచ్చింది. ఇంగ్లీషువాళ్ల లైట్‌వెయిట్‌లో తూకమే ఉంటుంది, మన తేలికలో మునగకపోవడం ఉంది. పినఫోర్‌కు మన అర్థమే బాగా సరిపోతుంది. దాని సెట్టింగుల్లో ఒక భాగం మనసు నెమ్మది కోసమే ఉండేది. ఎంతమంది అనుసరిస్తున్నారు, ఎంతమంది మెచ్చుకున్నారు, ఎంతమంది పంచుకున్నారు అన్న అంకెలు కనబడకుండా దాచేసే వీలుండేది. రంగులన్నీ తీసేసి తెరను బూడిదరంగులో పెట్టుకునే వీలుండేది. కిందికి లాగేకొద్దీ అంతులేకుండా వచ్చే పోస్టుల వరసను ఆపేసే వీలూ ఉండేది. ఆ అంకెల్ని సర్వర్ పంపుతూనే ఉంటుంది. చూపించాలా వద్దా అన్నది మాత్రం మీకూ మీ వకీలుకూ మధ్య మాట. సామాజిక మాధ్యమ కంపెనీ సొంత యాప్‌కు ఈ పని మనసొప్పదు, దాని జీతం ఆ అంకెల మీదే నడుస్తుంది కాబట్టి. అవతలి పక్షం పెట్టిన వకీలు మన కేసు ఎలా వాదిస్తాడో వేరే చెప్పాలా?

ఇలాంటివి ఇంకా ఉన్నాయి. సింగపూర్‌లో ఉండే చీ ఆన్ రాసిన ఫాన్పీ పోకెమాన్‌లోని ఏనుగు గున్న పేరు పెట్టుకుంది. మాస్టొడాన్ అంటే ఏనుగులకు బంధువైన, అంతరించిన జంతువు కదా, ఆ చుట్టరికం. ఇతరులవి తిరిగి పంచిన పోస్టులు అసలు వరసకు అడ్డురాకుండా ఫాన్పీ వాటిని విడిగా ఒకచోటికి చేరుస్తుంది. బ్రూటల్డాన్ అని మరొకటి ఉంది. అక్షరాలు తప్ప బొమ్మలు చూపలేని పాతకాలపు బ్రౌజర్లలో కూడా, బ్రౌజరులో నడిచే జావాస్క్రిప్ట్ కోడు ఊసు లేకుండా నడుస్తుంది.

2023 జనవరి క్లయింట్ అన్న మాటకు పెద్ద పరీక్ష పెట్టింది. జనవరి 9న లాసన్ పినఫోర్ పని విరమిస్తున్నానని ప్రకటించాడు. దాదాపు అయిదేళ్లు ఇష్టంతో చేసిన పని, ఇక ఓపిక లేదు. మూడు రోజులకే జనవరి 12న ట్విట్టర్ చెప్పాపెట్టకుండా ట్వీట్‌బాట్, ట్విట్టరిఫిక్ వంటి బయటివాళ్ల ప్రధాన క్లయింట్లకు తలుపు మూసింది. వారం తర్వాత నిబంధనలు తిరగరాసి, తన యాప్‌కు బదులు నిలిచే యాప్‌లేవీ చెల్లవంది. ట్విట్టరిఫిక్ 2007 నుంచి ఉన్నది. ట్విట్టర్‌కు పిట్ట బొమ్మను, ట్వీట్ అన్న మాటను అలవాటు చేసింది తామేనని చెప్పుకునేవాళ్లది. పదహారేళ్లు ఆ గుమ్మంలో నిలబడినా తెల్లారేసరికి బుట్ట ఖాళీ. అవి రోమన్ అర్థంలో అసలు సిసలు క్లయింట్లు, ఆనుకున్న గోడ పక్కకి జరగ్గానే పడిపోయాయి. ఆ ఏడాది జూన్ 30న రెడిట్ తలుపు దగ్గర అపోలో అనే యాప్‌కూ అదే గతి పట్టింది.

పినఫోర్ గతి వేరు. దాన్ని ఏ సర్వరూ గెంటలేదు. రాసినవాడు అలసిపోయాడు. కోడు అందరికీ తెరిచి పెట్టినది కాబట్టి, ఇంకొకరు అందుకొని సెమఫోర్ పేరుతో కొనసాగించారు. దాన్లోంచి ఎనఫోర్ అని మరొకటి చీలింది. ఇక్కడ ఒక తమాషా ఉంది. పినఫోర్‌లోని ‘ఫోర్’ ముందు అనే ఇంగ్లీషు మాట. సెమఫోర్‌లోని ‘ఫోర్’ మోసేది అనే గ్రీకు మాట, ‘సేమ’ అంటే గుర్తు, వెరసి సంకేతాలు మోసేది. రెండు ఫోర్‌లకూ ఏ చుట్టరికమూ లేదు, చెవికి ఒకేలా వినబడినందుకు కలిపేశారు. నిరుక్తకారులు తల పట్టుకునే పని, పేరు మాత్రం మొదటిదానికన్నా అర్థవంతం.

ఇక మిగిలింది ప్రత్యామ్నాయం. ఇటువంటి వాటిని ప్రత్యామ్నాయ క్లయింట్లు అనడం వాడుక. సంస్కృతంలో ఆమ్నాయం అంటే పరంపరగా వచ్చిన వేదం. ప్రత్యామ్నాయం ధర్మశాస్త్రాల మాట. విధించిన ప్రాయశ్చిత్తం చేయలేనివాడికి బదులుగా చెప్పిన పని, కఠినమైన కృచ్ఛ్రానికి బదులు గోదానం లాంటిది. అసలు చేయలేనివాడికి కొసరు. ఈ వాసన మాటలో ఇంకా పోలేదు. ప్రత్యామ్నాయం అనగానే అసలుది వేరే ఉందని ఒప్పుకున్నట్టే. మాస్టొడాన్‌లో ఆ ఒప్పుకోలు అనవసరం. దాని అధికారిక వెబ్ పేజీ కూడా, పినఫోర్ వాడిన తలుపులోంచే సర్వర్‌తో మాట్లాడే మరో క్లయింట్. గోటుసోషల్ అనే సర్వర్ సాఫ్ట్‌వేర్ ఇంకో అడుగు ముందుకేసింది. పోస్టులు చదివి రాసుకునే పేజీ దానికసలు సొంతంగా లేదు. వకీలును మీరే తెచ్చుకోండి అంటుంది. ఆమ్నాయమే లేని చోట ప్రత్యామ్నాయం ఏమిటి?

ఇంత చెప్పి వకీళ్లందరూ హరిశ్చంద్రులంటే ఎవరూ నమ్మరు. యాప్ అయితే ఒకసారి దించుకున్న కోడు కొన్నాళ్లు అలాగే ఉంటుంది. వెబ్ క్లయింట్ అలా కాదు, ఆ పేజీ తెరిచినప్పుడల్లా కొత్త కోడు రావచ్చు. నిన్న నడిపినవాడు మంచివాడు, రేపు ఆ చిరునామా ఎవరి చేతికి పోతుందో తెలియదు. మీ వకాల్తానామా మాత్రం బ్రౌజరులో అలాగే పడి ఉంటుంది. జావాస్క్రిప్ట్ లేకుండా నడిచేవాటిలో ఇంకో చిక్కుంది. బ్రౌజరు బదులు వాటిని నడిపేవాళ్ల సర్వరే అన్ని పనులూ చేస్తుంది కాబట్టి, మీ సంభాషణంతా వాళ్ల గడప మీదుగానే పోవాలి. తేలిక మీ ఫోనుకు, బరువు మీ నమ్మకానికి. అందుకని అవి వద్దనను. వాడేది ఒక ప్రోగ్రాం అనుకోకుండా, మీ పేరున మాట్లాడే మనిషిని పెట్టుకున్నట్టు ఎంచుకోమంటాను.

క్లయింట్ అన్న మాట మారదు. ఇంత దూరం వచ్చిన మాటను వెనక్కి పంపే శక్తి ఎవరికీ లేదు, నాకు అంత ఆశా లేదు. చేయగలిగిన చిన్న పని ఒకటుంది. మాస్టొడాన్‌లో ఖాతా ఉంటే సెట్టింగుల్లో ఖాతా భాగం కింద అనుమతి పొందిన యాప్‌ల జాబితా కనబడుతుంది. ఎప్పుడో సరదాకి పరీక్షించి మరిచిపోయినవన్నీ అక్కడ మీ సంతకంతో ఇంకా హాజరవుతూ ఉంటాయి. ఒకసారి తెరిచి చూసి, వాడనివాటి వకాల్తా రద్దు చేయండి.